మునుపటి ఫోటో

వాగు తగ్గిన మూడో రోజు
ములుగు నుంచి జీపు పోయినంత దూరం పోయి
మిగతాది బురదలో నడిచి ఇప్పలగూడెం చేరాను.
చేతిలో టేపు, సంకలో ఎం బుక్కు,
సంచిలో నిబంధనలు, జిరాక్సు, పదకొండు పేజీలు.

మోరి ఉండాల్సిన చోట
ఒక బర్రె నిమ్మళంగా ఈదుతోంది.

రెండు పైపుల్లో ఒకటి
ఫర్లాంగు కింద పత్తిచేన్లో దొరికింది.
దాన్నిండా ఇసుక, ఇసుకలో బడి గంట.
రెండోది గోదావరికి పోయిందని
ఊరంతా ఒక్క మాట మీద ఉంది.

"ఈసారన్న బ్రిడ్జి పెట్టున్రి మేడం,"
అన్నది అంగన్‌వాడీ ఆయా కొంరక్క.
"రెండు పైపులు గీ వాగుకు సాలయి.
మా నాయిన ఉన్నప్పటిసంది మొత్తుకుంటున్నం."

నేను ఆరో పేజీ తీశాను.
పునరుద్ధరణ అంటే
విపత్తుకు ముందు ఎట్లుండెనో అట్ల.
ఎత్తు పెంచరాదు, వెడల్పు చేయరాదు,
రెండు పైపులు పోతే రెండు పైపులే.

"మల్ల గదే కడ్తె మల్ల గట్లనే పోతది గదా?"
పోతది.
అప్పుడు మళ్లీ ఆరో పేజీ వర్తిస్తది.
ఈ మాట పైకి అనలేదు.

బడికి రెండు గదులు.
సర్కారు గదికి గోడ పగిలింది, అది మరమ్మతు,
దానికో లెక్క, లెక్కకో హద్దు.
రెండోది ఊరు చందాలేసుకుని నిలబెట్టిన రేకుల గది.
రిజిస్టర్లో లేదు.
రిజిస్టర్లో లేని గది కూలిపోదు.
మిగిలిన గోడముక్క మీద పన్నెండో ఎక్కం,
పన్నెండేడ్లు ఎనభై నాలుగు దగ్గర
గోడ అయిపోయింది.

ఇక ఫోటోలు.
ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, తేదీతో సహా.
తర్వాతవి నా ఫోన్లో నలభై ఉన్నాయి.
మోరికి ముందు ఫోటో ఎవరు తీస్తారు?
ఇల్లిల్లూ తిరిగాం.
పెండ్లి ఆల్బములు తడిసి, పేజీకి పేజీ అంటుకుని
పెండ్లికొడుకు ముఖం పెండ్లిపిల్ల చీర మీదికి దిగింది.
ఆఖరికి గుర్రం ఓదెలు కొడుకు ఫోన్లో దొరికింది:
కొత్త ట్రాక్టరు,
ముక్కుకు బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ,
స్టీరింగు పట్టుకుని ఓదెలు
అప్పుడే ఎవరో నేర్పినట్టు నవ్వుతున్నాడు.
ఆ చక్రాల కింద మోరి,
రెండు నోర్లూ తెరిచి, స్పష్టంగా.

హన్మకొండలో ప్రింటు తీయించి
మోరి చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీశాను.
ఫైలు కదిలింది.

దసరా ముందర ఓదెలు ఆఫీసుకొచ్చాడు,
ఉబ్బిపోయిన ఆర్సీ కాగితం పట్టుకుని.
"ఫోటోల నా బండి గూడ ఉన్నది గదా."
ఉంది.
"మోరి కన్న పెద్దగనే ఉన్నది."
ఉంది.
మోరి పోయిన రాత్రే బండీ పోయింది,
ఒకే నీళ్లు, ఒకే గంట.
కానీ అది ప్రజల ఆస్తి కాదు.
నా పదకొండు పేజీల్లో ట్రాక్టరు ఒక్కచోటే వస్తుంది:
శిథిలాలు ఎత్తడానికి, గంటకింత కిరాయి.

అతను ఆ ఎర్ర గుండ్రాన్ని
చాలాసేపు చూశాడు.
"గీ గీత జర పెద్దగ గీస్తే
నేను గూడ లోపటికొద్దును."
నేను టీ తెప్పించాను.
అతను తాగలేదు, నేనూ తాగలేదు.

ఎండాకాలం నడుమ పని అయింది.
రెండు పైపులు.
కొత్త సిమెంటు మీద ఎవరిదో మేకపిల్ల కాలిముద్రలు.
కొలిచాను, రాశాను, సంతకం పెట్టాను.
తర్వాత ఎండిన వాగులోకి దిగి
పైపుల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని
ఫోన్ తీశాను.
అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి,
తేదీ పడేట్టు.

"పని ఒడిసిపాయె గదా మేడం,
గిప్పుడెందుకు ఫోటోలు?"
అన్నది గట్టు మీంచి కొంరక్క.

ముందు ఫోటో, అన్నాను.